నారాయణగూడలో పరీక్ష, హైదర్‌గూడలో నాలుగు కుట్లు

ఈ ప్రయాణం నిజానికి నాది కాదు, మా ఆవిడది. స్వప్న రెండేళ్లుగా చదువుతున్న గ్రూప్స్ పరీక్షకు సెంటరు హైదరాబాదు నారాయణగూడలోని ఒక కాలేజీలో పడింది. ఆదివారం ఒక్కరోజే రెండు పేపర్లు. పొద్దున పదింటి నుంచి పన్నెండున్నర దాకా ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఇంకొకటి. ఒక్కదాన్నే వెళ్లొస్తానంది. నేనే వినలేదు. ఖమ్మంలో గ్రానైటు పలకలు కోసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా పనిచేసే నాకు వారానికి దొరికేది ఒక్క ఆదివారం. ఆ ఆదివారం చిక్కడపల్లిలో టిఫిను, మెట్రోలో షికారు, ఇందిరా పార్కులో ఆట, వీటి మధ్యలో ఎక్కడో మా ఆవిడకు పరీక్ష అని నేను లెక్క వేసుకున్నాను. మా అమ్మాయికి నాలుగేళ్లు, ఇంట్లో జున్ను అని పిలుస్తాం. దాన్నీ తీసుకెళ్దామన్నది నేనే. చంటిపిల్లలతో పరీక్షలకు వెళ్లే కుటుంబాలు ఎన్నో ఉంటాయి కాబట్టి మా ప్రయాణం గురించి రాస్తే వాళ్లకు ఉపయోగపడుతుందని బస్సులోనే అనుకున్నాను. ఉపయోగం ఈ రకంగా ఉంటుందని మాత్రం అనుకోలేదు.

ముందు దారి చెప్పేస్తాను. శనివారం మధ్యాహ్నం ఖమ్మంలో బస్సెక్కితే ఐదు గంటల్లో మహాత్మా గాంధీ బస్ స్టేషన్లో దిగాం. బయటికి వచ్చి ఆటోవాళ్లతో బేరాలాడే పని లేదు, బస్టాండు పక్కనే మెట్రో ఉంది. సుల్తాన్ బజార్, నారాయణగూడ, ఆ తర్వాతది చిక్కడపల్లి. అక్కడ దిగి అశోక్‌నగర్ దాకా సామాను, పిల్ల లేకపోతే నడవొచ్చు. రెండూ ఉన్నాయి కాబట్టి ఆటోకి అరవై రూపాయలు ఇచ్చాం. నిరుడు స్వప్న అశోక్‌నగర్‌లోనే నాలుగు నెలలు హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంది. ఆ హాస్టలావిడ మా కోసం కింద ఒక గది ఇచ్చింది, రోజుకి ఎనిమిది వందలు. ఆ వీధుల్లో సాయంత్రం పూట నడిస్తే ప్రతివాళ్ల చేతిలో ఒక జిరాక్సు కట్ట, ప్రతి టీ కొట్టు దగ్గరా ఒక రాజ్యాంగ చర్చ. ఆ నాలుగు నెలలూ జున్ను నా దగ్గరే ఉంది. జడ వెయ్యడం, జ్వరానికి తడిగుడ్డ వెయ్యడం అప్పుడే నేర్చుకున్నాను. కూతుర్ని ఒంటరిగా చూసుకోవడంలో నన్ను మించినవాడు లేడని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకల్లా నారాయణగూడ కాలేజీ గేటు దగ్గరున్నాం. అశోక్‌నగర్ నుంచి ఆటోకి ఎనభై తీసుకున్నాడు. గేటు ముందు తిరునాళ్లలా ఉంది. ఫోను, వాచీ ఏవీ లోపలికి తీసుకెళ్లకూడదు, అందుకని స్వప్న తన ఫోను నా జేబులో పెట్టింది. "పన్నెండున్నరకి ఈ జిరాక్స్ షాపు ముందే ఉండండి. అన్నం తిని మళ్లీ లోపలికి పోవాలి. రెండున్నరకి గేటు మూసేస్తారట" అని, జున్ను బుగ్గ గిల్లి, "పాలు తాగలేదు ఇది. ముందు ఏదైనా పెట్టండి" అంది. లోపలికి వెళ్తూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. రెండేళ్ల చదువు ఆమె వీపులోనే కనిపించింది.

నారాయణగూడలో మెట్రో ఎక్కి చిక్కడపల్లిలో దిగడం పెద్ద ప్రయాణమేమీ కాదు, ఒక్క స్టేషనే. అయినా జున్నుకు అదే అమెరికా. ఎస్కలేటరు ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి, టిఫిన్ సెంటరు చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఉంది అది. కుర్చీలుండవు, స్టీలు బల్లల దగ్గర నిలబడి తినాలి. రోడ్డు నుంచి మూడు మెట్లెక్కాలి. మెట్ల పక్కన కిందే ఉన్న కౌంటర్లో ఓనరు భార్య కూర్చుని టోకెన్లు ఇస్తోంది. నేను ఇడ్లీకి, పెసరట్టుకి టోకెన్లు తీసుకుంటున్నాను. వంటాయన పెనం మీద నీళ్లు చల్లితే చుయ్యిమంది. అది చూడ్డానికి జున్ను నా వేలు వదిలి పరిగెత్తింది. అప్పుడే కడిగిన మెట్టు. కాలు జారింది. చేతులు ఆనించే లోపలే ముఖం పై మెట్టు అంచుకి కొట్టుకుంది.

రాయికి ఏదైనా తగిలితే వచ్చే చప్పుడు నేను రోజూ వినేదే. అందుకే వెంటనే తల తిప్పలేదేమో. తిప్పేసరికి జున్ను బోర్లా పడి ఉంది, ఇంకా ఏడవలేదు. లేపి తిప్పితే ఎడమ కనుబొమ్మ రెండుగా విడిపోయి ఉంది. లోపల ఏదో తెల్లగా కనిపించింది. ఆ తర్వాత రక్తం వచ్చింది. ఎంత రక్తమంటే కన్ను మునిగిపోయింది, ముక్కు మీదుగా నోట్లోకి కారింది, గౌను ముందు భాగం తడిసిపోయింది. కన్ను పోయిందనుకున్నాను. నిజంగా పోయిందనే అనుకున్నాను.

ఆ క్షణాన నా బుర్రలోకి వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. "మెట్టు అంచు రుద్దలేదు" అనుకున్నాను. మా ఫ్యాక్టరీలో మెట్ల కోసం కోసిన పలకల అంచును గుండ్రంగా రుద్ది పంపిస్తాం. ఇది కోసింది కోసినట్టే పెట్టేశారు. రాయి చూస్తే మా ఖమ్మం వైపుదే. కూతురి ముఖం మీద నుంచి రక్తం కారుతుంటే నేను రాయి నాణ్యత చూస్తూ, చేతిలో పెసరట్టు టోకెను పట్టుకుని నిలబడ్డాను.

"అన్నా, గట్ల నిలబడ్డవేంది? పిల్లను ఎత్తుకో" అంటూ కౌంటర్లోని అక్క లేచి వచ్చింది. అప్పుడు ఎత్తుకున్నాను. జేబురుమాలు తీసి గాయం మీద పెట్టాను. జున్ను అప్పుడు ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు వినగానే కాస్త ఊపిరాడింది.

నిమిషంలో సందంతా మా చుట్టూ చేరింది. ఎదురింటి నుంచి డెబ్బై దాటిన ఒక మామ్మగారు స్టీలు డబ్బా పట్టుకుని దిగివచ్చారు. "కాఫీ పొడి అద్దు బాబూ. మా పిల్లలందరికీ ఇదే వేసేదాన్ని. ఇట్టే రక్తం కట్టేస్తుంది" అన్నారు. మాట తీరు చూస్తే కృష్ణా జిల్లా వైపు వాళ్లు.

"కాఫీ పొడి ఏందమ్మా, పిల్లకు మండదా? పసుపు పెట్టాలె. సెప్టిక్ కాదు" అంది కౌంటరు అక్క.

"పసుపు రంగు ముఖాన ఉండిపోతుందే తల్లీ."

"రంగుదేముంది, రెండు దినాల్ల పోతది."

న్యాయం చెప్పాల్సినవాణ్ని నేను. ఇద్దరికీ తల ఊపాను. చివరికి రెండూ పడ్డాయి. ముందు కాఫీ పొడి, దాని మీద పసుపు. ఈ లోపల ఎవరో ఒకాయన గాయంలోకి తొంగిచూసి, "ఆడపిల్ల, అందులో ముఖం మీద" అని నిట్టూర్చాడు. ఆయన వెనకాల ఇంకొకావిడ అదే మాట అంది. మగపిల్లవాడైతే కనుబొమ్మ చీలినా ఫరవాలేదా అని అడగాలనిపించింది కానీ, వాళ్ల ముఖాల్లో ఉన్న జాలి నిజమైనదే.

ఏడ్చే పిల్ల నోట్లో ఏదో ఒకటి పెట్టడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. మామ్మగారు పంచదార నీళ్లు తెప్పించారు. బండి మీద అరటిపళ్లు అమ్మేవాడు ఒక పండు ఒలిచి ఇచ్చాడు. పక్క స్వీట్ల షాపు నుంచి ఒక బూందీ లడ్డూ వచ్చింది. అక్క గ్లాసుతో గోరువెచ్చని పాలు పట్టుకొచ్చింది. పొద్దున బతిమాలినా పాలు ముట్టని జున్ను వెక్కిళ్ల మధ్యలో అన్నీ తిన్నది, పాలు కూడా తాగింది. నేనే దగ్గరుండి లడ్డూ తుంచి నోట్లో పెడుతూ, "తిను తల్లీ, తింటే తగ్గిపోతుంది" అన్నాను. తింటోంది అంటే తలకు ఏమీ కాలేదన్నమాట అని నా తర్కం. లోపల్లోపల ఎంత సంతోషించానో చెప్పలేను.

రక్తం మాత్రం కాఫీ పొడిని, పసుపుని తోసుకుంటూ వస్తూనే ఉంది. అక్కే ఒక ఆటోను ఆపింది. యాభై ఏళ్లుంటాయి డ్రైవరుకు. జున్నును చూడగానే వెనక సీటు మీది తువ్వాలు దులిపి, "కూసో అన్నా. కిరాయి సంగతి తర్వాత" అన్నాడు. మెయిన్ రోడ్డు మీద మొదట కనిపించిన నర్సింగ్ హోము ముందు ఆపాడు. లోపల కాంపౌండరు ఒక్కడే ఉన్నాడు. దూది తీసి తుడిచి చూసి, "ఆదివారం డాక్టర్ సాబ్ రారు. కట్టు కడత. కుట్లు మాత్రం నేను వెయ్య. కనుబొమ్మ కదా సార్, కొంచెం వంకరైతే జన్మంతా వంకరే ఉంటది. హైదర్‌గూడల పిల్లల దవాఖాన ఉంది, ఇరవై నాలుగు గంటలు డాక్టర్లుంటరు, జల్దీ పోండి" అన్నాడు. కుట్లు అన్న మాట నేను వినడం అదే మొదలు. అప్పటిదాకా కట్టుతో పోతుందనే నా నమ్మకం.

చిక్కడపల్లి నుంచి హైదర్‌గూడకు పోవాలంటే నారాయణగూడ మీదుగానే పోవాలి. అది నాకు ఆటో స్వప్న పరీక్ష రాస్తున్న కాలేజీ ముందుకు వచ్చేదాకా తట్టలేదు. గేటు మూసి ఉంది. పొద్దున తిరునాళ్లలా ఉన్న రోడ్డు మీద ఇద్దరు కానిస్టేబుళ్లు తప్ప ఎవరూ లేరు. ఆ గోడ వెనక ఏ గదిలోనో ఆమె ఏ ప్రశ్న దగ్గరో ఉంది. జున్ను నా ఒళ్లో "అమ్మ కావాలి" అని మొదలుపెట్టింది.

"అమ్మకు ఫోన్ చేసినవా అన్నా?" అన్నాడు డ్రైవరు.

"ఆమె లోపల పరీక్ష రాస్తోంది. ఫోను నా దగ్గరే ఉంది."

ఆయన బండి వేగం తగ్గించాడు. "ఆపాల్నా?" అన్నాడు.

ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు. కానిస్టేబులును బతిమాలితే లోపలికి కబురు పోతుంది, స్వప్న పెన్ను పడేసి బయటికి పరిగెత్తుతుంది. ఆపకపోతే ఏమవుతుందో తెలియదు. ఆ ఆలోచనలో ఉండగానే ఆటో చౌరస్తా దాటిపోయింది. నిర్ణయం తీసుకున్నానని చెప్పలేను, దాటిపోయిందంతే.

ఆసుపత్రిలో పదిన్నరకల్లా చూశారు. డాక్టరు నలభై ఏళ్లావిడ, గొంతు నెమ్మది. సెలైనుతో గాయం కడుగుతూ, "ఈ నల్లగా ఉన్నదేంటి?" అని అడిగింది.

"కాఫీ పొడండీ."

"ఈ పచ్చగా ఉన్నది?"

"పసుపు."

"రెండూ ఎందుకు?"

"ఇద్దరు చెప్పారు" అన్నాను. పక్కనున్న నర్సు అటు తిరిగి నవ్వుకుంది. డాక్టరు నవ్వలేదు. ఆ పొడి తీయడానికే చాలాసేపు పట్టింది, కడిగినంతసేపూ జున్ను గింజుకుంది. కన్నులో లైటు వేసి చూసి, "కంటికేమీ కాలేదు. ఎముక కూడా బాగానే ఉంది. గాయం లోతుగా ఉంది కాబట్టి కుట్లు తప్పవు" అంది. కంటికేమీ కాలేదన్న మాట వినగానే అక్కడి స్టూలు మీద కూలబడ్డాను. టీటీ ఎప్పుడు వేశారు, వాంతి అయ్యిందా, స్పృహ తప్పిందా అన్నీ అడిగి చివర్లో, "పొద్దుటి నుంచి ఏమైనా తిన్నదా?" అంది.

ఇంత బాగా తిన్న పిల్ల తండ్రిగా కొంచెం ఉత్సాహంగానే చెప్పాను. లడ్డూ, అరటిపండు, పంచదార నీళ్లు, గ్లాసుడు పాలు.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. దెబ్బ తగిలాక."

"అంతకుముందు?"

"ఏమీ తినలేదండీ. పాలు కూడా తాగలేదు."

డాక్టరు చేతిలో పెన్ను పక్కన పెట్టేసింది. "ఖాళీ కడుపుతో తెచ్చుంటే కొంచెం మత్తిచ్చి, నిద్రలో ఉండగానే కుట్టేసేవాళ్లం. తనకేమీ తెలిసేది కాదు. ఇప్పుడు మత్తిస్తే తిన్నది వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రమాదం. ఆరు గంటలు ఆగాలి."

లడ్డూ తుంచి పెట్టిన నా వేళ్లకు ఇంకా నెయ్యి అంటుకునే ఉంది. "ఆగకపోతే?" అన్నాను.

"గాయం చుట్టూ తిమ్మిరి ఇంజెక్షనిచ్చి ఇప్పుడే వేయొచ్చు. కుట్టేటప్పుడు నొప్పి తెలియదు, ఇంజెక్షను మాత్రం నొప్పే. పైగా మెలకువలో ఉంటుంది, కదలకుండా పట్టుకోవాలి. కన్ను పక్కనే సూది కాబట్టి గట్టిగా పట్టుకోవాలి. రెండింట్లో ఏదైనా చేస్తాం. మీ ఇష్టం. వాళ్లమ్మ రాలేదా?"

మీ ఇష్టం అన్న మాట అంత బరువుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నిరుడు ఆ నాలుగు నెలల్లో జున్నుకు జలుబు చేసినా స్వప్నకు ఫోన్ చేసేవాణ్ని. ఆమె అటునుంచి చెప్పేది, నేను ఇటు చేసేవాణ్ని. ఒంటరిగా పెంచానని గర్వపడ్డానే గానీ ఒక్క నిర్ణయం కూడా నాది కాదని ఆ స్టూలు మీదే తెలిసింది. జేబులో రెండు ఫోన్లున్నాయి. చెయ్యడానికి ఎవరూ లేరు.

ఆగితే సాయంత్రం నాలుగున్నర అవుతుంది. అప్పటిదాకా పిల్లకు తిండి, నీళ్లు లేవు, గాయం తెరిచే ఉంటుంది. ఇది ఒక కారణం. పన్నెండున్నరకు స్వప్న బయటికొచ్చి తెరిచి ఉన్న గాయాన్ని చూస్తే రెండో పేపరు రాయదు. ఇది ఇంకొక కారణం. రెండూ నా మనసులో ఉన్నాయి. ఏది ముందుందో నేను ఇప్పటికీ చెప్పలేను, అబద్ధం చెప్పదలుచుకోలేదు. "ఇప్పుడే వెయ్యండి" అన్నాను.

జున్నును మెడ దాకా దుప్పట్లో బిగించి చుట్టారు, పురిటి పాపను చుట్టినట్టు. నర్సు కాళ్ల మీద చేతులు ఆనించింది. "సార్, మీరు తల పట్టుకోండి. పిల్ల ఏడుస్తదని వదలొద్దు, సూది కంటికి తగులుతది" అంది. నా ఛాతీ దాని మీద ఆనించి, రెండు అరచేతులతో తల బిగించాను. రోజూ పనివాళ్లతో కలిసి పలకలు ఎత్తే చేతులు. వాటికి ఎంత బలముందో అంత బలమూ నాలుగేళ్ల పిల్ల తల మీద పెట్టాను.

ఇంజెక్షను పడగానే అది అరిచిన అరుపు నేను రాయలేను. తర్వాత సూది దగ్గరకు వస్తుంటే, "నాన్నా వదులు" అంది. రెండోసారి, మూడోసారి అదే అంది. నేను వదలకపోయేసరికి గొంతు మారింది. నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు, "ఇంక పరిగెత్తను నాన్నా. మంచిగుంటా. వదులు నాన్నా" అంది.

అది శిక్ష అనుకుంటోంది. నా వేలు వదిలి పరిగెత్తినందుకు నేను మంచానికి అదిమి, ముఖం కుట్టిస్తున్నానని అనుకుంటోంది. "కాదు తల్లీ, నీ తప్పు కాదు, ఇది శిక్ష కాదు" అని చెవిలో చెబుతూనే ఉన్నాను, చేతులు మాత్రం వదల్లేదు. ఎంత చెప్పినా ఆ చేతులు చెప్పేదే దానికి వినిపించింది. ప్రతి కుట్టుకీ "అయిపోయింది" అన్నాను. రెండుసార్లు నమ్మింది. మూడోసారి నా ముఖంలోకి చూసి, నమ్మడం మానేసి, అరవడం కూడా మానేసింది. అరిచినప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది.

నాలుగు కుట్లు పడ్డాయి. "చక్కగా కుదిరింది. వెంట్రుకల్లో కలిసిపోతుంది, దగ్గరికొచ్చి చూస్తే తప్ప మచ్చ తెలియదు. రెండ్రోజులు తడపకండి. ఐదు రోజుల తర్వాత మీ ఊళ్లోనే కుట్లు తీయించండి" అంది డాక్టరు. మందులతో కలిపి మూడు వేల ఎనిమిది వందలైంది. దుప్పటి విప్పగానే ఎత్తుకోబోయాను. జున్ను రెండు చేతులతో నన్ను నెట్టేసి నర్సు చంకకెక్కింది.

డ్రైవరు బయటే ఆగి ఉన్నాడు. తిరుగు ప్రయాణంలో జున్ను సీటు అటు చివర కూర్చుంది. మా మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. ఆటో మలుపు తిరిగినప్పుడు పడుతుందేమోనని చెయ్యి చాపితే ఇంకా అటు జరిగింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నారాయణగూడలో దిగాక డ్రైవరు మూడు వందలు తీసుకుని, వంద తిరిగిచ్చి, "పిల్లలకు కోపముంటది అన్నా. ఉండనీ" అన్నాడు.

స్వప్న పన్నెండు నలభైకి బయటికొచ్చింది. జనంలో మమ్మల్ని వెతుకుతూ, ఏదో ప్రశ్న లెక్కేసుకుంటున్నట్టు వేళ్లు కదుపుతూ వచ్చింది. మూడు గజాల దూరంలో వేళ్లు ఆగిపోయాయి. అరవలేదు. వచ్చి జిరాక్స్ షాపు గట్టు మీద కూర్చుని జున్నును ఒళ్లోకి లాక్కుంది. ఆసుపత్రిలో ఆగిన ఏడుపు అప్పుడు మళ్లీ వచ్చింది. నేను వరసగా చెప్పాను. మెట్టు, రక్తం, కాఫీ పొడి, లడ్డూ, కుట్లు. కంటికేమీ కాలేదని రెండుసార్లు చెప్పాను.

"మెలకువగా ఉండగానే వేశారా?" అంది.

"ఊఁ."

"ఎవరు పట్టుకున్నారు దీన్ని?"

నేను నోరు తెరిచే లోపలే జున్ను, "నాన్న" అంది. నా వైపు చూడకుండా, ఫిర్యాదు చేస్తున్నట్టు అంది. స్వప్న కళ్లెత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

హాస్టలావిడ పొద్దున కట్టిచ్చిన డబ్బాలో పెరుగన్నం ముగ్గురం తిన్నామనిపించాం. స్వప్న ఒక చేత్తో జున్ను వీపు నిమురుతూనే ఉంది. రెండు దాటాక, "నేను లోపలికి పోను" అంది. నీ ఇష్టం అనబోయి ఆగాను. పొద్దున ఆ మాట నన్ను ఏం చేసిందో మర్చిపోలేదు. "వెళ్లు. ఇప్పుడు చేయాల్సిందేమీ లేదు. నేను చూసుకుంటాను" అన్నాను.

"ఎట్లా చూసుకుంటారు? మీ దగ్గరికే రావట్లేదు కదా ఇది."

నిజమే. గేటు దగ్గర కానిస్టేబులు, "అమ్మా, పది నిమిషాలల్ల గేటు బంద్ అయితది. లోపలికి రావాలె" అని కేక వేస్తున్నాడు. జున్ను వాళ్లమ్మ మెడను రెండు చేతులతో చుట్టేసింది. జనమంతా గేటు వైపు కదిలారు. గట్టు మీద మేం ముగ్గురం మిగిలాం.

నేను జున్ను ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాను. మామూలుగా అయితే చేతులు చాపేవాణ్ని. చాపడానికి భయం వేసింది, ఆ చేతులే కదా పట్టుకున్నవి. వాటిని మోకాళ్ల మీద పెట్టుకుని ఊరికే ఉన్నాను. జున్ను కట్టు లేని కంటితో నా చేతుల్ని చాలాసేపు చూసింది.

"మళ్లీ పట్టుకుంటవా?" అంది.

"పట్టుకోను."

"పరిగెత్తినా?"

"పరిగెత్తినా పట్టుకోను. ఇందాక పట్టుకున్నది నువ్వు పరిగెత్తినందుకు కాదు తల్లీ. గాయం మూయడానికి."

వాళ్లమ్మ మెడ మీద నుంచి ఒక చెయ్యి, తర్వాత రెండో చెయ్యి తీసింది. కిందికి జారి నిలబడింది. "ఎత్తుకోకు. నేనే నడుస్తా" అని, నా వేలు కాకుండా చొక్కా అంచు పట్టుకుంది. స్వప్న లేచి, చెంగుతో ముఖం తుడుచుకుని, గేటు వైపు నడిచింది. ఈసారి రెండుసార్లు వెనక్కి తిరిగింది. గేటు మూసేదాకా నేను కదల్లేదు. కదిలితే ఆ చొక్కా అంచు వదిలేస్తుందేమోనని.

ఖమ్మంలో కుట్లు తీసే రోజున జున్ను, "అమ్మ లోపలికి రావాలె, నాన్న బయట ఉండాలె" అని ముందే తేల్చి చెప్పింది. బయటే నిలబడ్డాను. లోపలి నుంచి ఏడుపు వినిపించలేదు, కుట్లు తీయడం పెద్ద నొప్పేమీ కాదట. బయటికొచ్చి నా ముందు ముఖం పైకెత్తి నిలబడితే, చెయ్యి పెట్టకుండా వంగి చూశాను. సన్నని గులాబీ గీత, అంతే. పరీక్ష ఎలా రాశావని నేను స్వప్నను ఇంకా అడగలేదు. నాలుగున్నర దాకా ఆగి ఉంటే జున్ను నిద్రలోనే కుట్లు వేయించుకునేది, నన్ను అలా బతిమాలాల్సిన పని ఉండేది కాదు. ఈ ఆలోచన రోజుకొకసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా అదే స్టూలు మీద కూర్చున్నట్టుంటుంది. హైదరాబాదు చాలాసార్లు చూశాను, కానీ మా అమ్మాయి ముఖాన్ని అంత దగ్గరగా, అంత భయంతో చూసింది ఆ ఒక్కరోజే.

పిల్లలతో ప్రయాణమయ్యేవాళ్లకు ఒకే ఒక్క సలహా. పిల్లకు కుట్లు పడేంత దెబ్బ తగిలితే శుభ్రమైన గుడ్డతో గాయం మీద నొక్కిపట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, డాక్టరు చూసేదాకా నోట్లో ఏమీ పెట్టకండి. లడ్డూలు, పాలు పట్టుకుని మంచివాళ్లు నలుగురూ వస్తారు, వాళ్లకు దణ్ణం పెట్టి వద్దనండి. పిల్ల ఏడుస్తుంది. ఏడవనివ్వండి.